కాకర రసం మాత్రకు బదులు కాదు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని ఉన్న సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం ఉంది. అక్కడ గూర్ఖా కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. చుట్టూ బెంగాలీ గ్రామాలు ఉన్నాయి. పక్కనున్న ఖరగ్‌పూర్‌లో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారి సంఖ్యా ఎక్కువే. ఈ ప్రాంతపు కూరగాయల సంతలో ఒకే కాయకు మూడు భాషల్లో పేర్లు వినిపిస్తాయి. తెలుగువారికి అది కాకరకాయ. బెంగాలీలకు చిన్నదైతే ఉచ్ఛే, పెద్దదైతే కొరొలా. నేపాలీ మాట్లాడేవారికి తీతే కరేలా. భాషలు వేరైనా ఆ కాయ మీద ఉన్న నమ్మకం మాత్రం ఒక్కటే: ఇది షుగర్‌కు మందు.

ఈ నమ్మకంలో కొంత నిజం ఉంది. అయితే ఆ కొంత నిజాన్ని మొత్తం నిజంగా తీసుకుంటేనే ప్రమాదం. 62 ఏళ్ల ఒక రైల్వే పింఛనుదారును ఊహించుకోండి. పదేళ్లుగా మధుమేహం ఉంది. రోజూ మూడు మాత్రలు వేసుకుంటారు. ఉదయపు నడకలో కలిసే స్నేహితుడి కొడుకు చెబుతాడు, ‘‘పరగడుపున ఓ గ్లాసు కాకర రసం తాగి చూడండి బాబాయ్, మా నాన్నకి నెలలో దిగిపోయింది’’ అని. ఆయన మొదలుపెడతారు. రెండు వారాల తర్వాత గ్లూకోమీటర్‌లో అంకె కొంచెం తగ్గి కనిపిస్తుంది. ఆ ధైర్యంతో ముందు ఒక మాత్ర తగ్గిస్తారు, తర్వాత ఇంకొకటి. డాక్టరుకు చెప్పరు, చెబితే కోప్పడతారని. ఇలాంటి కథలు సాలువాలోనే కాదు, శ్రీకాకుళంలోనూ హైదరాబాద్‌లోనూ ఏ వీధిలోనైనా జరగగలవు. ఈ కథలో తప్పు రసం తాగడం కాదు, మాత్ర మానడం.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నారని అది అంచనా వేసింది. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్నవారు వంటింటి వైద్యాన్ని ఎలా వాడుతున్నారన్నది చిన్న విషయం కాదు.

కాకరలో ఏముంది?

కాకరలో చక్కెరను తగ్గించగల పదార్థాలు ఉన్నాయన్న మాట కట్టుకథేమీ కాదు. చారంటిన్ అనే పదార్థాన్ని శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 1981లో జైపూర్ పరిశోధకులు కాకర నుంచి పాలీపెప్టైడ్-పి అనే ఇన్సులిన్ వంటి ప్రొటీన్‌ను వేరుచేసి, దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు రక్తంలో గ్లూకోజు తగ్గిందని ప్రకటించారు. 2008లో ఆస్ట్రేలియా, చైనా శాస్త్రవేత్తలు కాకరలోని కొన్ని పదార్థాలు కణాల్లో ఏఎంపీకే అనే ఎంజైమును చురుకుగా చేస్తాయని చూపించారు. కణం గ్లూకోజును లోపలికి తీసుకొని ఖర్చుచేయడంలో ఈ ఎంజైముకు ముఖ్యమైన పాత్ర ఉంది.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండు. పాలీపెప్టైడ్-పి పనిచేసింది ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు. అది ప్రొటీన్ కనుక, నోటితో మింగితే పప్పులోని ప్రొటీన్‌లాగే కడుపులో జీర్ణమైపోయే అవకాశం ఎక్కువ. ఇన్సులిన్‌ను మాత్రగా కాక సూదితో ఇవ్వవలసి రావడానికి కారణమూ ఇదే. ఇక రెండోది, గాజు పాత్రలోని కణాల మీదా ఎలుకల మీదా కనిపించిన ఫలితం మనిషిలో అదే స్థాయిలో కనిపించాలని లేదు. ఎలుకకు దాని బరువును బట్టి ఇచ్చిన సారం మోతాదుకూ, మనిషి తాగే గ్లాసుడు రసానికీ పోలిక ఉండదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు

1999లో బంగ్లాదేశ్ పరిశోధకులు 100 మంది మధుమేహులకు కాకర గుజ్జును నీటితో కలిపి తాగించి పరీక్షించారు. 86 మందిలో పరగడుపు చక్కెరా, గ్లూకోజు తాగిన రెండు గంటల తర్వాతి చక్కెరా తగ్గాయి. వినడానికి ఇది గొప్ప ఫలితమే. కానీ కాకర కాకుండా అలాగే కనిపించే మరో ద్రవాన్ని తాగిన వర్గం పక్కన లేకపోతే, తగ్గుదలలో ఎంత భాగం కాకరదో గట్టిగా చెప్పలేం. పైగా కొద్ది గంటల్లో కనిపించే తగ్గుదల వేరు, నెలల తరబడి నిలిచే అదుపు వేరు.

2007లో ఫిలిప్పీన్స్‌లో 40 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి కాకర గుళికలు, మరో వర్గానికి మందులేని ఉత్తుత్తి గుళికలు మూడు నెలలు ఇచ్చారు. రెండు వర్గాల హెచ్‌బీఏ1సీ మధ్య తేడా 0.22 శాతమే. అది యాదృచ్ఛికంగా కూడా రాగల తేడా. 2011లో థాయిలాండ్ పరిశోధకులు కాకర గుళికలను నేరుగా మెట్‌ఫార్మిన్‌తో పోల్చారు. నాలుగు వారాల తర్వాత రోజుకు 2,000 మిల్లీగ్రాముల కాకర తీసుకున్నవారిలో కొంత మెరుగుదల కనిపించింది. రోజుకు 1,000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారిలో అంతకన్నా ఎక్కువ కనిపించింది. కాక్రేన్ సంస్థ 2012లో నాలుగు పరీక్షలను, 479 మంది వివరాలను కలిపి సమీక్షించి, టైప్-2 మధుమేహానికి కాకరను సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది.

వీటన్నిటి సారాంశం, కాకర పనిచేయదని కాదు. పనిచేస్తే గిస్తే కొద్దిగా పనిచేయవచ్చు, అదీ మందు పక్కన. మందు స్థానంలో కూర్చోగల బలం దానికి ఉందని ఏ పరీక్షా చూపలేదు.

మరి ఆయనకు ఎలా తగ్గింది?

‘పరీక్షలు ఏమైనా చెప్పనీ, మా ఇంట్లో తగ్గింది కదా’ అనేవారి మాటను కొట్టిపారేయకూడదు. అంకె నిజంగానే తగ్గి ఉంటుంది. ప్రశ్నల్లా, దేనివల్ల తగ్గిందన్నదే.

రసం ఎవరు మొదలుపెడతారు? చక్కెర బాగా పెరిగిందని రిపోర్టు చూసి భయపడినవారు. ఆ భయంతోనే అదే వారం స్వీట్లు మానేస్తారు, టీలో పంచదార తగ్గిస్తారు, రాత్రి అన్నం బదులు రొట్టె తింటారు, నడక పెంచుతారు. మరచిపోతూ వచ్చిన మాత్రలను వేళకు వేసుకుంటారు. వీటిలో ప్రతి ఒక్కటీ చక్కెరను తగ్గిస్తుంది. కానీ ఘనత మాత్రం అన్నిటికన్నా చేదుగా ఉన్నదానికి దక్కుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. రక్తంలో చక్కెర రోజూ ఒకేలా ఉండదు. నిద్ర, జ్వరం, ఆందోళన, ముందు రాత్రి భోజనం అన్నీ దాన్ని పైకీ కిందికీ కదిలిస్తాయి. బాగా ఎక్కువగా వచ్చిన రోజు తర్వాత చేసే పరీక్షలో, ఏమీ చేయకపోయినా, కొంత తక్కువ రావడం మామూలే.

అందుకే ఒక్క రోజు గ్లూకోమీటర్ అంకె చూసి తీర్పు చెప్పకూడదు. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. వాటికి అంటుకున్న గ్లూకోజును కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. రసం నిజంగా ఉపకరిస్తోందో లేదో తెలుసుకోవాలంటే, మిగతావేవీ మార్చకుండా మూడు నెలల తర్వాత ఈ పరీక్ష చూడాలి. అలా చూసేవారు చాలా తక్కువ.

కాయ వేరు, రసం వేరు

కూరగాయలు మధుమేహులకు మేలు చేస్తాయనడంలో సందేహం లేదు. అయితే ఆ మేలులో పెద్ద వాటా పీచుది. పీచు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. పిండిపదార్థాలు గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరడం నెమ్మదిస్తుంది. కడుపు నిండిన భావన వస్తుంది కనుక అన్నం కొంచెం తక్కువ తింటారు. నూరు గ్రాముల కాకరలో సుమారు 2.8 గ్రాముల పీచు ఉంటుంది. మిక్సీలో వేసి, గుడ్డలో వడకట్టి, పిప్పిని పారేసినప్పుడు పారేస్తున్నది దీన్నే.

కాకరలో చక్కెర తక్కువ కనుక దాని రసంతో ఆ రకమైన నష్టం పెద్దగా ఉండదు. కానీ ‘కూరగాయల రసం’ అన్న పేరుతో గ్లాసులో చేరేవి అన్నీ కాకరలాంటివి కావు. చేదు తగ్గాలని క్యారెట్, బీట్‌రూట్, ఆపిల్ కలుపుతారు. నూరు గ్రాముల బీట్‌రూట్‌లో దాదాపు 7 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక పెద్ద గ్లాసు రసానికి 300 గ్రాముల దుంపలు వాడితే అందులో నాలుగైదు చెంచాల పంచదారకు సమానమైన చక్కెర ఉంటుంది. అదే బీట్‌రూట్‌ను కూరగా తింటే ఒక పూటకు ఒక దుంప కన్నా ఎక్కువ తినలేరు, పైగా పీచుతో సహా తింటారు. రసంగా అయితే మూడు దుంపలు రెండు నిమిషాల్లో లోపలికి పోతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు తినమని సూచించింది. పండ్ల విషయంలోనూ రసం కన్నా పండునే తినడం మంచిదన్నది దాని సలహా.

ఆనపకాయ నేర్పిన పాఠం

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన హెచ్చరిక మరొకటి ఉంది. 2010లో ఢిల్లీలో మధుమేహం ఉన్న ఒక శాస్త్రవేత్త సొరకాయ రసం, కాకర రసం కలిపి తాగిన తర్వాత తీవ్రంగా అస్వస్థుడై మరణించారు. సొరకాయనే ఉత్తరాంధ్రలో ఆనపకాయ అంటారు, బెంగాలీలో లావు. ఆ ఘటన తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ ఈ విషయాన్ని పరిశీలించింది.

ఆనప, గుమ్మడి, దోస, కాకర అన్నీ ఒకే కుటుంబానికి చెందిన తీగలు. ఈ కుటుంబపు మొక్కలు పురుగుల నుంచి రక్షించుకోవడానికి కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలను తయారుచేసుకుంటాయి. తరతరాల సాగులో రైతులు చేదు లేని ఆనపను ఎంచుకుంటూ వచ్చారు కనుక మామూలు కాయలో ఇవి అతి తక్కువ. అయితే అప్పుడప్పుడు ఒక కాయలో వీటి మోతాదు బాగా పెరుగుతుంది. అలాంటి కాయను రసంగా తాగితే కొద్దిసేపట్లోనే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. జీర్ణాశయంలో రక్తస్రావం జరగవచ్చు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఉడికించినంత మాత్రాన ఈ విషం పోదు.

కాకరకు చేదు సహజం. ఆనపకు చేదు అపాయ సూచన. ఈ రెండింటినీ కలిపి రసం తీస్తే కాకర చేదు కింద ఆనప చేదు దాక్కుంటుంది. నాలుక చేయవలసిన హెచ్చరిక చేయలేకపోతుంది. అందుకే నిపుణుల కమిటీ సూచన చాలా సరళంగా ఉంది: రసం తీసే ముందు ఆనపకాయలో చిన్న ముక్క కోసి రుచి చూడాలి, చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి, ఆనప రసాన్ని మరే రసంతోనూ కలపకూడదు, తాగాక వికారంగా గానీ ఇబ్బందిగా గానీ అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ‘చేదుగా ఉంటేనే షుగర్‌కు మంచిది’ అనుకొని కళ్లు మూసుకొని మింగేయడం ఇక్కడ ప్రాణాంతకం కాగలదు.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు పరగడుపున కాకర రసం తాగి, టిఫిన్ ఆలస్యం చేస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, తికమక వస్తాయి. వయసు మళ్లినవారు ఆ స్థితిలో తూలి పడిపోయే ప్రమాదమూ ఉంది.

మధుమేహం ముదిరితే దెబ్బతినే అవయవాల్లో మూత్రపిండాలు ముఖ్యమైనవి. అవి బలహీనపడినవారు పొటాషియంను సరిగా బయటికి పంపలేరు. కూరగాయల రసాల్లో పొటాషియం ఎక్కువ. రక్తపోటుకు టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు వాడేవారిలో అది ఇంకా పెరగవచ్చు. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. పాలకూర వంటి ఆకుల రసాన్ని రోజూ పెద్ద మొత్తంలో తాగితే అందులోని ఆక్సలేట్లు మూత్రపిండాలను దెబ్బతీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గర్భిణులు కాకర రసానికి దూరంగా ఉండటం మంచిది. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లల విషయంలో అయితే ఏ రసం నమ్మకంతోనూ ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆపకూడదు. వారి శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. ఆపితే కొద్ది రోజుల్లోనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది.

మొక్క నుంచే వచ్చిన మాత్ర

ఇన్ని హెచ్చరికలు ఉన్నా జనం రసాన్నే ఎందుకు నమ్ముతారు? దీనికి వారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. మధుమేహం జీవితాంతం ఉండే జబ్బు. మాత్రల సంఖ్య పెరుగుతూ ఉంటే ఓడిపోతున్నట్టు అనిపిస్తుంది. డాక్టరు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలు. అందులో ఏం తినాలో, ఎంత తినాలో అడిగే తీరిక ఉండదు. రసం అలా కాదు. తన చేత్తో కోసి, తానే తీసుకొని, తానే తాగేది. తన జబ్బు తన చేతిలో ఉందన్న భావన ఇస్తుంది. ఆ భావనను వెక్కిరించకుండా, దాన్ని సరైన పనుల వైపు మళ్లించడం వైద్యులూ ఆరోగ్య కార్యకర్తలూ చేయవలసిన పని. ‘ఇంట్లో ఏమైనా రసాలు, చూర్ణాలు వాడుతున్నారా?’ అని కోపం లేకుండా అడిగితే రోగులు నిజం చెబుతారు.

‘మొక్కది సహజం, మాత్ర రసాయనం’ అన్న విభజనలోనూ పస లేదు. ప్రపంచంలో అత్యధికంగా వాడే మధుమేహపు మాత్ర మెట్‌ఫార్మిన్ చరిత్ర ఒక మొక్కతోనే మొదలైంది. ఐరోపాలో గోట్స్ రూ అనే మొక్కను పూర్వం నాటువైద్యంలో వాడేవారు. దానిలోని చక్కెర తగ్గించే పదార్థం నేరుగా వాడటానికి విషపూరితమని తేలింది. ఆ కుటుంబానికే చెందిన, మరింత సురక్షితమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో తయారుచేశారు. ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని మధుమేహులకు ఇచ్చి, ఫలితాలను 1957లో ప్రకటించారు. మొక్కలోని గుణాన్ని పట్టుకొని, విషాన్ని వదిలించి, ప్రతి మాత్రలోనూ ఒకే మోతాదు ఉండేలా చేయడానికి అన్నేళ్ల శ్రమ పట్టింది. గ్లాసులోని కాకర రసానికి ఆ హామీ లేదు. కాయ రకాన్ని బట్టి, ముదురు లేతలను బట్టి, పండిన నేలను బట్టి అందులోని పదార్థాలు మారిపోతాయి. నిన్నటి గ్లాసూ నేటి గ్లాసూ ఒకటి కావు.

కంచంలో మొదటి ముద్ద

ఇంతకీ చేయవలసింది ఏమిటి? కాకరను వదులుకోవలసిన పనిలేదు. గ్లాసులోంచి కంచంలోకి తెచ్చుకుంటే చాలు. ఈ విషయంలో ఖరగ్‌పూర్ తెలుగువారికి పొరుగింట్లోనే ఒక మంచి అలవాటు ఉంది. బెంగాలీల మధ్యాహ్న భోజనం చేదుతో మొదలవుతుంది. ఉచ్ఛే వేపుడో, చేదు కలిసిన శుక్తోనో ముందు తిన్నాకే మిగతావి. 2015లో అమెరికా పరిశోధకులు టైప్-2 మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టి చూశారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, పిండిపదార్థాలు చివర తిన్న రోజున భోజనం తర్వాతి చక్కెర స్పష్టంగా తక్కువగా ఉంది. ఇది చిన్న అధ్యయనమే. కానీ అనుసరించడానికి ఖర్చు లేదు, ప్రమాదం లేదు. తక్కువ నూనెతో చేసిన కాకర కూరో, దొండకాయ కూరో ఒక కప్పు ముందు తిని, తర్వాత అన్నం కొంచెం తగ్గించి పెట్టుకోవడం ఎవరైనా ఈ రోజే మొదలుపెట్టవచ్చు. భోజనం తర్వాత పావుగంట నడిస్తే ఇంకా మంచిది.

ఎవరైనా కాకర రసమే తాగుతామంటే వారు పాటించవలసినవి నాలుగు. చిన్న కప్పుకు మించకూడదు. ఆనప రసం కలపకూడదు. తాగుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. చక్కెర తగ్గినట్టు కనిపించినా మాత్ర తగ్గించే నిర్ణయం సొంతంగా తీసుకోకూడదు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ నిజంగా తగ్గితే మోతాదు తగ్గించేది డాక్టరే. అప్పుడు ఆ తగ్గింపు కూడా సంతోషంగా, భయం లేకుండా జరుగుతుంది.

మధుమేహం చప్పుడు చేయని జబ్బు. మాత్ర మానిన మర్నాడు ఏమీ జరగదు. నెలకూ ఏమీ తెలియకపోవచ్చు. కంటి వెనక పొర, మూత్రపిండాలు, పాదాల్లోని నరాలు మాత్రం రోజురోజుకూ లెక్క రాసుకుంటూ ఉంటాయి. ఆ లెక్క బయటపడే నాటికి ఏ రసమూ దాన్ని చెరపలేదు. సాలువా సంతలో మూడు పేర్లతో అమ్ముడయ్యే ఆ చేదు కాయ మంచి కూర. దాన్ని కూరగానే గౌరవించి, మాత్రను వేళకు వేసుకున్నవారికే దానివల్ల మేలు.